ఆదివారం సెలవుండే హోటలు

ఏ హోటలో నువ్వే చెప్పు, ఎంతైనా పర్వాలేదు అని పొద్దున్న గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఆయన అనేసి వెళ్ళిన మాట విజయదుర్గ చెవుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. తిరగనిదల్లా నెత్తిమీద ఫ్యానే. భోజనాల వేళ పోయిన కరెంటు ఎప్పుడొస్తుందో ఇచ్చేవాళ్ళకే తెలియాలి. మంచాలు విప్పేశారు, చాపలు చుట్టేశారు, ఇహ మిగిలింది ఈ చల్లటి గచ్చు ఒక్కటే, దాని మీదే చెయ్యి తలకింద పెట్టుకుని వెల్లకిలా పడుకుంది. చుట్టూ మూటలు. సంసారమంతా గోనెసంచుల్లో కుక్కి, మూతులు పురికొసతో బిగించి, గోడవారన నిలబెట్టి వెళ్ళాడు మొగుడు వీరవెంకటరమణ, ఇన్నాళ్ళూ అంబాజీపేట కొబ్బరి గోదాములో గుమాస్తా, రేపటినుంచి నాగపూరు బ్రాంచికి పెద్ద. షావుకారు మంగరాజుగారు నాగపూరులో కొట్టు తెరుస్తున్నారు, నమ్మకమైన మనిషి కావాలన్నారు, ఈ మనిషి ఆయ్ అన్నాడు, అంతే, పెళ్ళాన్ని అడిగింది ఆ తరవాత. తెల్లారితే కాయల లోడు లారీ వస్తుంది, కొబ్బరికాయల మీద మంచాలూ మూటలూ వేసుకుని పోతుంది, వెనకాల రైల్లో వీళ్ళిద్దరూ, కూతురు కావ్యా. కాయలతోపాటు మనమూ ఎగుమతైపోతున్నాం అనుకుంటే నవ్వొచ్చింది. అమలాపురంలో ఇదే ఆఖరి రాత్రి. గ్యాసుబండ తిరిగిచ్చేశాం, పొయ్యి లేదు, పక్కవాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకు, దర్జాగా హోటల్లో కూచుని తిందాం అన్నాడు. బాగానే ఉంది. ఏ హోటలు?

హోటళ్ళు తెలియవా అంటే తెలియకేం, ఊళ్ళో హోటళ్ళన్నీ తెలుసు, పొట్లాలుగా తెలుసు. బస్టాండు దగ్గరిదంటే పూరీలు, ఒకదానికొకటి అతుక్కుపోయి చల్లారిన పూరీలు, విస్తరాకు అంచునుంచి నూనె కారి పేపరులో ఏ హీరోయిన్ మొహం మీదో మరక. గడియారస్తంభం దగ్గరిదంటే ఇడ్లీలు, చట్నీ వేరే అరిటాకు ముక్కలో చిన్న మూటగా. అదే హోటలు కొన్నేళ్ళకి ప్లాస్టిక్ కవరుకీ రబ్బరుబ్యాండుకీ మారిపోయింది, ఆనాటినుంచి ఆ చట్నీ రుచి సగానికి పడిపోయిందని విజయదుర్గ నమ్మకం. మిలటరీ హోటలంటే కోడిపలావు, అదీ ఊరినుంచి అత్తగారు వచ్చి ఉండని రోజుల్లో మాత్రమే, తిన్నాక పేపరు కూడా పెరట్లో తగలెట్టేవాళ్ళు. ఏ హోటలు వాడైనా ముడి మాత్రం వెయ్యడు. దారం నాలుగు చుట్లు తిప్పి, పుటుక్కున తెంపి, కొస మెలేసి దోపేస్తాడు, ఇల్లు చేరేసరికి సగం పొట్లం ఊడే ఉంటుంది, సాంబారు సంచికి ధారపోసి. మగవాళ్ళు వేడివేడిగా కూచుని తింటారు, ఆడవాళ్ళకి పొట్లం వస్తుంది. అదేమని ఎవరూ అడగలేదు, తనూ అడగలేదు. చల్లారితే చల్లారింది, గుర్తుపెట్టుకుని తెచ్చాడు కదా అనుకునేది.

లోపల కూచుని తిన్నది ఒకే ఒక్కసారి. పాత పుష్కరాలు వెళ్ళిన మరుసటేడు పెళ్ళయింది, మొన్న మళ్ళీ పుష్కరాలు వచ్చి వెళ్ళాయి కూడా, ఎంత గిర్రున తిరిగిపోయింది కాలం. కొత్తలో ఓ మ్యాట్నీ చూసి వస్తూ ఫ్యామిలీ రూము ఉన్న హోటలుకి తీసుకెళ్ళాడు. ఫ్యామిలీ రూమంటే ఏదో అనుకుంది, తీరా చూస్తే ఓ మూల నాలుగడుగుల జాగాకి ఆకుపచ్చ తెర. ఆ తెరకి అంతకుముందు వచ్చిన ఫ్యామిలీలన్నీ చేతులు తుడుచుకున్నట్టున్నాయి. మసాలా దోసె చెప్పాడు. అంత పొడుగు దోసెని ఎటునుంచి మొదలెట్టాలో తెలియలేదు, గాజులు చప్పుడైతే తెర బయటవాళ్ళకి వినబడుతుందేమోనని చెయ్యి కదపలేదు, సగం తిని కడుపు నిండిందని అబద్ధం ఆడింది. ఆయన ఆ పళ్ళెం తనవైపు లాక్కుని మిగిలిన సగం తినేశాడు. మొగుడి కంచంలో పెళ్ళాం తినడం పుట్టింట్లో ఎన్నోసార్లు చూసింది గానీ పెళ్ళాం ఎంగిలి మొగుడు తినడం అదే చూడ్డం. ఎవరైనా చూస్తారండీ అంది గాబరాగా. తెరుందిగా అన్నాడు. ఆ మనిషి తీరే అంత, ఏం చేసినా తెర వెనకే చేస్తాడు. తెర బయట మాత్రం మహా బిగువు, ఇంట్లో మంచినీళ్ళు కూడా అడిగి పుచ్చుకోవడమే గానీ ముంచుకుని తాగింది లేదు.

అది వాళ్ళ ఇంటి జబ్బు. వాళ్ళ చిన్నాన్న రాజబాబుగారు పాపం ఒకప్పుడు పెళ్ళానికి జొరమొస్తే కాఫీ కలిపిచ్చారట, ఎవరో కిటికీలోంచి చూశారట, ఇంకేముంది, రాజోలు అవతల ఆ ఊళ్ళో ఆయన కాఫీ రాజబాబు అయిపోయారు. పొలం పత్రాల్లో ఇంటిపేరుంది గానీ ఊరి నోట్లో కాఫీయే ఇంటిపేరు. ఆయన పోయినప్పుడు కూడా కాఫీ రాజబాబుగారు కాలం చేశారండీ అనే కబురొచ్చింది. పదిమందీ ఏడుస్తున్నచోట అది విని విజయదుర్గకి నవ్వొచ్చి చెంగు నోట్లో కుక్కుకుంది, మొగుడు మాత్రం నవ్వలేదు.

సరే, హోటలు సంగతి. పక్కవాటా రేవతిగారు పొద్దున్నే వచ్చి కాలేజీ రోడ్డులో కొత్తగా పెట్టిన ఏసీ రెస్టారెంటు పేరు చెప్పి వెళ్ళింది. చేపల తొట్టి ఉందట, లోపలికి అడుగుపెడితే వణుకొస్తుందట, చేతులు కడుక్కోవడానికి వేడినీళ్ళల్లో నిమ్మచెక్క వేసి గిన్నెతో ఇస్తారట, తెలియక వాళ్ళ ఆడపడుచు అది తాగేసిందట. ఆయ్ అలాగేనండి అంది విజయదుర్గ. వాటాల ఓనరుగారు మిలటరీ హోటలు వాళ్ళు మేడమీద కొత్త హాలు కట్టారన్నారు, ఆయనకీ ఆయ్ అంది. కావ్యకి నూడుల్సూ, గాజు గ్లాసులో పొడుగ్గా వచ్చే ఐస్‌క్రీమూ కావాలి, స్నేహితురాళ్ళకి చెప్పి వస్తానని వెళుతూ వెళుతూ ఏసీదే, ఏసీదే అని రెండుసార్లు చెప్పి మరీ వెళ్ళింది, దానికీ ఆయ్. ఈ సీమలో ఆయ్ అంటే వినబడిందని అర్థం, అంతకుమించి ఎవరూ లెక్కలోకి తీసుకోకూడదు. చేపల తొట్టి చూడాలని తనకీ లేకపోలేదు. ఎంతైనా పర్వాలేదన్నాడు కదా, ఈ అవకాశం మళ్ళీ రమ్మంటే వస్తుందా? కానీ మనసు ఆ తొట్టి దగ్గర నిలబడదే, ఎంత తోలినా మళ్ళీ అంబాజీపేట దారి పడుతుందే, తను ఒక్కసారీ చూడని ఆ హోటలు దగ్గర వాలుతుందే, ఏం చెయ్యాలి.

ఆ రొట్టె. కావ్య కడుపులో ఉన్న రోజులు. అంతకుముందు రెండుసార్లు నిలిచినట్టే నిలిచి పోయాయి, మూడోసారి డాక్టరమ్మ మంచం దిగొద్దంది, లేచి కూచోవడం కూడా వద్దంది. ఇదే ఇల్లు, ఇదే గది, అదిగో ఆ కిటికీ కిందే మంచం. అత్తగారు రామలక్ష్మిగారు వండిపెట్టడానికి ఊరినుంచి వచ్చారు. మంచి మనిషే, చేతివంట కూడా మంచిదే, కానీ ఏది నోట్లో పెడితే అది బయటికే. చారన్నం, మజ్జిగన్నం, జావ, చివరికి మంచినీళ్ళు. కళ్ళు లోపలికి పోయాయి, గాజులు మోచేతిదాకా జారేవి. ఈ పిల్ల ఇలా తినకపోతే ఇదీ నిలవదు అని డాక్టరమ్మ గుమ్మం బయట చెప్పిన మాట లోపలికి వినబడింది. ఆ రాత్రి ఆయన మంచం పక్కన కింద పడుకుని నిద్రపోతున్నట్టు నటించాడు, తనూ నటించింది. ఆ మర్నాడు సాయంత్రం అంబాజీపేటనుంచి వచ్చి, చొక్కాలోంచి వెచ్చటి పొట్లం తీసి, హోటల్లో కనబడింది, ఓ ముక్క చూడు అన్నాడు. దిబ్బరొట్టె. అరిటాకులో చుట్టి, పేపరు వేసి, పురికొసతో కట్టి ఉంది. కింద ఎర్రగా కరకర, లోపల మెత్తన, నంజుకోడానికి బెల్లం ముక్క. ఓ ముక్క తింది. అందరూ మొహం వంక చూస్తూ కూచున్నారు, అత్తగారు పళ్ళెం పట్టుకుని సిద్ధంగా నిలబడ్డారు. ఏమీ కాలేదు. ఇంకో ముక్క తింది. ఆ రొట్టె కడుపులో నిలిచింది, దాంతోపాటు బిడ్డా నిలిచింది, ఆ మాట విజయదుర్గ ఎవరితోనైనా ఒట్టేసి చెబుతుంది. నెలలు నిండేదాకా రోజూ ఆ పొట్లమే.

అప్పుడే మొక్కుకుంది. అంతర్వేది స్వామికి ఓ మొక్కు, ఆ వంటాయనకి ఓ మొక్కు. తల్లి చనిపోయాక తన ఆకలి ఇంత బాగా కనిపెట్టింది ఆ ముక్కూమొహం తెలియని వంటవాడొక్కడే, బిడ్డ క్షేమంగా పుడితే స్వయంగా ఆ హోటలుకి వెళ్ళి, ఆయన రొట్టె అక్కడే కూచుని వేడిగా తిని, బట్టలు పెట్టి దణ్ణం పెట్టుకుంటానని. స్వామి మొక్కు కావ్య పుట్టువెంట్రుకలతో తీరింది. వంటాయనకని కొన్న పంచెలచాపు మాత్రం ట్రంకుపెట్టెలో ఉండిపోయింది. తీసుకెళ్ళండి అంటే అది హమాలీలు తినే చోటు, ఆడవాళ్ళు కూచోరు అనేవాడు. పోనీ మీరే ఇచ్చెయ్యండి అంటే మొక్కు నీది, నేనిస్తే నీకు తీరుతుందా అనేవాడు, అదీ నిజమేననిపించేది. ఆ మరుసటేడు తుఫాను వచ్చి కొబ్బరిచెట్లన్నీ అడ్డంగా పడిపోయాయి, ఎవరి బతుకులు వాళ్ళు ఎత్తి నిలబెట్టుకునేసరికి ఏళ్ళు పట్టింది, హోటలు ఊసు ఎవరికి గుర్తుంటుంది. నిన్న ట్రంకు సర్దుతుంటే చేతికి తగిలింది పంచెలచాపు, మడత దగ్గర పసుపు చుక్క వెలిసిపోయి. ఇవాళ తీరకపోతే ఇంకెప్పుడూ తీరదు. నాగపూరునుంచి రొట్టె కోసం ఎవరొస్తారు? బిడ్డని నిలబెట్టిన చేతికి దణ్ణం పెట్టకుండా ఊరు దాటితే ఆ దాటడం ఏం దాటడం? అందుకే తేల్చేసుకుంది, కావ్య ఏడ్చినా సరే, చేపలు తొట్టిలో ఈదుకున్నా సరే, ఈ రాత్రికి ఆ హోటలే. హమాలీలు కూచునే బల్ల మీద తనూ కూచుంటుంది.

పాపం ఆ వంటాయన మొదట్లో ఏమంత గొప్పవాడు కాదు. మొదటి నాలుగు రోజులూ ఓ పక్క మాడేది, ఓ పక్క పిండిపిండిగా ఉండేది. ఉప్పుకైతే ఓ వరస లేదు. మీ హోటలు వాడికి చేతులున్నాయా అరువు తెచ్చుకున్నాడా, సన్నసెగ మీద కాల్చాలని చెప్పండి అనేది మంచం మీదనుంచి, అంత నీరసంలోనూ వంట విషయానికొచ్చేసరికి నోరు లేచేది. ఆయ్, చెబుతాను అనేవాడు చాలా శ్రద్ధగా. మర్నాటికి మాడు తగ్గేది. కాస్త జీలకర్ర వెయ్యమనండి, నోరు బాగుంటుంది అంది ఓసారి, మర్నాటికి జీలకర్ర పడింది. నలకంత ఎక్కువైందంటే ఆ మర్నాటికి సరిపోయింది. ఎంత మంచి హోటలండీ, మొహం తెలియని మనిషి మాట ఇంతలా వింటున్నారు అంటే, ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, మనం రోజూ కొనేవాళ్ళం కదా అన్నాడు. ఒక్క ఆదివారం మాత్రం వచ్చేది కాదు, హోటలుకి ఆదివారం సెలవట. ఆదివారం తను పస్తు, ఆయన గదిలో ఇటూ అటూ తిరుగుడు. మరోపక్క అత్తగారికి ఎలకలతో పోరు. మినప్పప్పు డబ్బాలో ఇవాళ చూసినంత రేపు ఉండేది కాదు. ఎలకలేరా, పందికొక్కులంతేసి ఉంటాయి అని కొడుక్కి చెప్పి బోను తెప్పించి, అందులో కొబ్బరిముక్క గుచ్చి పెడితే, కొబ్బరి అలాగే ఉంది, పప్పు మాత్రం తరుగుతోంది. మూత తీసి పప్పు తిని మళ్ళీ మూత పెట్టి వెళ్ళే ఎలకల్ని ఎక్కడా చూడలేదమ్మా అని ఆవిడ బుగ్గలు నొక్కుకునేవారు. బోను పెట్టే పని కొడుకుదే, ప్రతి రాత్రీ భక్తిగా పెట్టేవాడు.

దాహం వేసింది. కుండలో నీళ్ళున్నాయి, గ్లాసులన్నీ మూటలోకి పోయాయి. విజయదుర్గ లేచి కూచుని, వంటింటి సామాన్లున్న మూట ఏదో గిన్నెల చప్పుడుని బట్టి పోల్చుకుని, మోకాళ్ళ మీద దాని దగ్గరికి జరిగింది. మనసు ఇంకా ఆ ఎలకల బోను దగ్గరే ఉంది, పెదవి మీద నవ్వుంది, చూపు కిటికీలోంచి బయట కొబ్బరిమట్టల మీదుంది. చెయ్యి దానంతటదే ముడి దగ్గరికి పోయింది. తోక పట్టుకుంది, ఎడమకి తిప్పింది, పై మెలికని బొటనవేలితో నెట్టింది, ఒక్క లాగు లాగింది. సంచి మూతి విచ్చుకుంది. లోపల గ్లాసుల అంచులు తళుక్కుమన్నాయి. గ్లాసు కోసం చెయ్యి పెట్టబోయి ఆగిపోయింది.

ఈ ముడి నాకెలా వచ్చు? మూటలు కట్టింది ఆయన. ముడి వేసేటప్పుడు తను చూడనైనా లేదు, అవతల గదిలో కావ్య పుస్తకాలు సర్దుతూ కూచుంది. రాత్రి రేవతిగారు తన చీర పొరపాటున ఓ మూటలో పడిందని ఇదే ముడితో గుంజులాడి, గోరు విరగ్గొట్టుకుని, ఇదేం ముడండీ బాబూ అని వదిలేసింది. ఏం ముడేమిటి, గోదాము ముడి. లారీ ఎంత కుదిపినా ఊడకుండా, అవతలి ఊళ్ళో షావుకారు లాగితే ఊడేలా ఎండిన కురిడీ కాయల బస్తాలకి వేసే ముడి, అక్కడి మనుషులకి తప్ప ఎవరికీ రాదు. మరి నా వేళ్ళకెలా వచ్చు? వేళ్ళవంక చూసుకుంది. పక్కకి ఒత్తిగిల్లి, లేవకూడదు కాబట్టి లేవకుండా, ఒక్క చేత్తో తోక పట్టుకుని ఎడమకి తిప్పి. రోజూ. నెలల తరబడి. అరిటాకు పొట్లం. పురికొస.

హోటలు వాళ్ళు ముడి వెయ్యరు కదా.

ఓరి భగవంతుడా అని గచ్చు మీద చతికిలబడింది. ఆదివారం సెలవున్న హోటలు ప్రపంచంలో ఎక్కడుంటుంది, ఆదివారం సెలవుండేది గోదాముకి. జీలకర్ర వెయ్యమంటే మర్నాటికి వేసే వంటవాడెవడు. సన్నసెగ మీద కాల్చమని చెప్పండి అంటే ఆయ్ చెబుతాను అని, ఎవరికి చెప్పేవాడు, తనకి తనే చెప్పుకునేవాడా సైకిలు తొక్కుకుంటూ? అప్పట్లో ఓసారి చేతిమీద ఆ బొబ్బలేమిటని అడిగితే సైకిలు చైను అన్నాడు, చైను కాలుస్తుందా ఎక్కడైనా, కోస్తుంది గానీ. ఆ రొట్టెకి ఓ వాసన ఉండేది, ఏ మినపరొట్టెకీ లేని వాసన, అదేమిటో ఇన్నాళ్ళూ తెలియలేదు, ఇప్పుడు ముక్కుకి తెలిసింది, కొబ్బరిచిప్పల నిప్పుల వాసన. గోదాములో చిప్పలకేం కొదవ, కొండలు. ఎలకలట, ఎలకలు! ఆ ఎలక రాత్రి బోను పెట్టి, పొద్దున్నే జేబులో పప్పు పోసుకుని పనికి పోయేది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, అత్తగారేం పడతారు. కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది, గోదాము వెనకాల మూడు ఇటికలు, ఇనప మూకుడు, ప్యాంటు మడతపెట్టి గొంతుక్కూచుని, పొగకి కళ్ళు తుడుచుకుంటూ, హమాలీలు నవ్వుతుంటే మెడ వంచుకుని, బిగువుగల గుమాస్తాగారు. ఇంట్లో మంచినీళ్ళు ముంచుకోని మనిషి. బయటికి పొక్కితే రొట్టె రమణ అంటారని, కాఫీ రాజబాబుగారిలాగే పోయాక కూడా అంటారని భయపడ్డ మనిషి. అంత భయంలోనూ ఒక్క రోజు మానలేదు. నా తిట్లన్నీ తిన్నాడు. నీకు చేతులున్నాయా అంటే తలూపాడు. మొక్కు తీర్చుకుంటానంటే మాత్రం మొహం చాటేశాడు, దణ్ణం పెడతానంటే ఎక్కడ పెట్టించుకోవాలో తెలియక. పంచెలచాపు కొన్న రోజున అంచు బాగుందే అని రెండుసార్లు తడిమి చూశాడు, అమ్మ దొంగా. విజయదుర్గకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి, దేన్ని ముందు పోనివ్వాలో తెలియలేదు, చెంగుతో మొహం కప్పుకుని రెండూ కానిచ్చింది. ఇంత ఇష్టాన్ని ఇన్నేళ్ళు ఎలా దాచావయ్యా, నీ గుండె బండగానూ. దాచినందుకు నాకు కోపం కూడా వస్తోంది, తెలుసా? ఇంకెప్పుడూ నిన్ను ఒక్క మాట అనను. అంటాను, నాగపూరు వెళ్ళాక అంటాను.

లేచింది. గ్లాసెడు నీళ్ళు తాగింది. అదే మూటలో అడుగునున్న మినప్పప్పు డబ్బా తీసి, గిన్నెలో పోసి, కడిగి నానబోసింది, పక్కనే నూక తడిపి పెట్టింది, మీద పళ్ళాలు మూసింది. పొయ్యి లేదని దిగులెందుకు, పెరట్లో నూతి పక్కన కొబ్బరిచిప్పల పోగు అలాగే ఉంది, చిప్పల్ని నాగపూరు ఎవరు మోసుకుపోతారు. రోలు ఓనరుగారిది, దాని చోటున అది ఉంది. ఇనప మూకుడు పైకి తీసింది. ట్రంకు తెరిచి పంచెలచాపు తీసి, అంచులకి కొత్తగా పసుపు రాసింది. మళ్ళీ గచ్చు మీద పడుకుంది. ఈసారి ఏ హోటలూ గుర్తుకు రాలేదు. పప్పు మెల్లిగా నీళ్ళు తాగుతోంది, ఇంకాస్త సేపు కరెంటు రాకపోయినా పర్వాలేదనిపించింది.

దీపాలవేళకి ఫ్యాను తిరగడం మొదలెట్టింది, వాకిట్లో స్కూటరు ఆగింది. కావ్య ముందు పరిగెత్తుకొచ్చి ఏసీదే కదమ్మా అని చెయ్యి పట్టుకుని ఊపింది. వెనకాల ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చి, లారీ ఖాయమైందని, తెల్లారకముందే వచ్చేస్తుందని చెప్పి, మూటల మధ్య జాగా చూసుకుని నిలబడ్డాడు.

"ఏం తేల్చేవు దుర్గా? ఏ హోటలు?"

"ఎంతైనా పర్వాలేదన్నారు. ఆ మాట మీదే ఉన్నారాండి?"

"ఆయ్. చెప్పు."

"కావ్య కడుపులో ఉన్నప్పుడు రొట్టె తెచ్చేవారు కదండీ. ఆ హోటలు."

మెడ మీద తువ్వాలు ఆగిపోయింది. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడ చీకటి తప్ప ఏమీ లేదు.

"అది హమాలీలు తినే చోటని చెప్పేను కదా."

"వాళ్ళ పక్కనే కూచుంటానండి. ఆ వంటాయనకి బట్టలు పెట్టాలి. మొక్కు ఉండిపోయింది."

"ఇవాళ కుదరదులే."

"ఏం, ఇవాళ ఆదివారం కాదు కదండీ?"

"అది కాదే. ఉన్నపళాన అంటే ఎలా? పప్పు నానొద్దూ?"

అనేశాక నోరు అలాగే తెరిచి ఉండిపోయింది. కావ్య నాన్న వంకా అమ్మ వంకా చూసింది, ఏమీ అర్థం కాలేదు. విజయదుర్గ మూట పక్కనుంచి గిన్నె ముందుకు జరిపి మీదున్న పళ్ళెం తీసింది. పప్పు ఉబ్బి తెల్లగా ఉంది. పక్కనే పసుపు అంచుల పంచెలచాపు. రెండు చేతులతో దాన్ని ఎత్తి ఆయన చేతుల్లో పెట్టి, ఆయన వద్దనేలోపే వంగి కాళ్ళకి దణ్ణం పెట్టింది.

ఆయన ఆ పంచెలచాపు చూశాడు. మూతి విప్పి ఉన్న మూట కూడా చూశాడు, విప్పిన పురికొస చూశాడు. తరవాత పంచెలు భుజాన వేసుకుని, ప్యాంటు మోకాళ్ళదాకా మడతపెట్టి, గిన్నె ముందు గొంతుక్కూచుని, ఓ పప్పుబద్ద తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"నానింది" అన్నాడు. ఇంకా తలెత్తలేదు. "జీలకర్ర ఏ మూటలో ఉంది?"